నెల్లూరు, ఒంగోలు నుంచి విమాన ప్రయాణం: దూరం, సమయం, ఇంటి నుంచి బయలుదేరే వేళ లెక్క వేసుకోవడం ఎలా

నెల్లూరు నుంచి దుబాయ్ ఎంత దూరమని ఫోనును అడిగితే క్షణంలో ఒక అంకె, దాని పక్కనే ఒక సమయం కనబడతాయి. అంకె సరైనదే కావచ్చు. కానీ నెల్లూరులో దుబాయ్ విమానం ఎక్కడానికి లేదు, ఒంగోలులో అసలే లేదు. దగదర్తి విమానాశ్రయం ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటూ ఏళ్లు గడిచాయి. అది వచ్చేదాకా మనం ఎక్కేది ఎప్పుడూ పొరుగూరి విమానమే. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద జాతీయ రహదారి మీదనే రన్‌వే వేసి, 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలతో ట్రయల్ రన్ జరిపిన మాట నిజమే. అది అత్యవసర సమయాల కోసం, టికెట్ కొనే మన కోసం కాదు.

కాబట్టి ఈ రెండు జిల్లాల వాళ్లు లెక్కను నాలుగు ముక్కలు చేసుకోవాలి: గాలిలో దూరం, గాలిలో పట్టే సమయం, రెండు ఊళ్ల గడియారాల తేడా, ఇంటి నుంచి విమానాశ్రయానికి నేల మీద పట్టే సమయం. మొదటి మూడూ దేశంలో ఎవరికైనా ఒకటే. మనవాళ్లు విమానం తప్పిపోయేది దాదాపు ఎప్పుడూ నాలుగోదాని దగ్గరే.

1. ముందు ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

నెల్లూరుకు సహజంగా తోచేది చెన్నై. దేశం లోపలి ప్రయాణమైతే నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట కూడా ఉంది. అది 125 కి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, పైగా మహానగరపు రద్దీ ఉండదు. రేణిగుంట నుంచి సర్వీసులు తక్కువ, అదొక్కటే లోపం. ఒంగోలుకు గన్నవరం 160 కి.మీ. పైచిలుకు, చెన్నై విమానాశ్రయం 300 కి.మీ. పైమాట. దేశీయ ప్రయాణాలకు ఒంగోలు వాళ్లు ముందు గన్నవరం చూసి, అక్కడ కుదరకపోతేనే చెన్నై వైపు తిరగాలి. గల్ఫ్‌కైనా సింగపూర్‌కైనా విమానాలు ఎక్కువ దొరికేది మాత్రం చెన్నైలోనే.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు వాళ్ల సంగతి వేరు. వాళ్లకు శంషాబాదే నయం. మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా వెళ్లే దారి ఒకటి, దోర్నాల, శ్రీశైలం ఘాట్ మీదుగా వెళ్లేది ఇంకొకటి. తెల్లవారుజామున విమానం ఉంటే రెండో దారిని మరిచిపోండి. నల్లమల అభయారణ్యంలో రాత్రిపూట గేట్లు మూసేస్తారు, అక్కడ ఎంత బతిమాలినా వదలరు.

2. గాలిలో దూరం

విమానం దూరమంటే ఊరికీ ఊరికీ మధ్య దూరం కాదు, విమానాశ్రయానికీ విమానాశ్రయానికీ మధ్య దూరం. ఫోను మ్యాపులో ఒక చోట వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు కనబడతాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. ఈ రెండూ ఉంటే చిన్న దూరాలను కాగితం మీదే లెక్క కట్టవచ్చు.

నెల్లూరు అక్షాంశం 14.44, రేఖాంశం 79.99. శంషాబాద్ విమానాశ్రయానివి 17.24, 78.43. అక్షాంశాల తేడా 2.80. ఒక డిగ్రీ అక్షాంశానికి 111 కి.మీ. చొప్పున అది 311 కి.మీ. అవుతుంది. రేఖాంశాల తేడా 1.56. రేఖాంశాలు భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి గనుక మన ప్రాంతంలో డిగ్రీకి 107 కి.మీ. వేసుకోవాలి. అలా 167 కి.మీ. వస్తుంది. ఇక మిగిలింది పదో తరగతి పైథాగరస్. 311 వర్గం, 167 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 353 కి.మీ. అదే నెల్లూరు నుంచి శంషాబాద్‌కు సరళరేఖ దూరం. అద్దంకి, నార్కెట్‌పల్లి రహదారి మీద హైదరాబాద్ పోతే 450 కి.మీ. దాటుతుంది. రోడ్డు దూరం సరళరేఖ కన్నా ఇరవై, ముప్ఫై శాతం ఎక్కువ ఉండటం మామూలే.

ఇదే పద్ధతిలో చెన్నై, హైదరాబాద్ విమానాశ్రయాల మధ్య దూరం 507 కి.మీ. వస్తుంది. ఆ గీతను మ్యాపు మీద గీసి చూడండి. అది రాపూరు పక్కగా, నెల్లూరుకు పడమరన నలభై, యాభై కి.మీ. దూరంలో పోతుంది. అంటే నెల్లూరు మనిషి హైదరాబాద్‌కు విమానంలో పోవాలంటే మూడు, నాలుగు గంటలు దక్షిణానికి ప్రయాణించి, డబ్బు కట్టి, మళ్లీ తన జిల్లా మీదుగానే ఎగరాలి.

చెన్నై నుంచి తరచుగా అవసరపడే దూరాలు ఇవి: ముంబై 1,030 కి.మీ., ఢిల్లీ 1,750, సింగపూర్ 2,920, దుబాయ్ 2,930, కువైట్ 3,780. సింగపూర్, దుబాయ్ దాదాపు సమాన దూరంలో ఉండటం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. మ్యాపులో చూడండి, చెన్నై సరిగ్గా మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇంకా దూరం పోయేకొద్దీ కాగితం లెక్క చెల్లదు. భూమి గుండ్రంగా ఉంది గనుక బల్లపరుపు మ్యాపు మీద గీసిన గీత అతి దగ్గరి దారి కాదు. పిల్లల గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అసలు దారి కనబడుతుంది. మన నెల్లూరు 80 డిగ్రీల తూర్పున, డాలస్ 97 డిగ్రీల పడమరన ఉన్నాయి. రెండూ కలిపితే 177, అంటే భూగోళానికి దాదాపు చెరోవైపు. దారం బిగిస్తే అది ఉత్తర ధ్రువానికి అతి సమీపంగా పోతుంది. చెన్నై నుంచి డాలస్‌కు ఆ లెక్కన 14,900 కి.మీ. దుబాయ్‌లో దిగి మారితే 2,930, దాని మీద సుమారు 12,900, మొత్తం 15,830. చుట్టు తిరిగినట్టు అనిపించే దారి నిజానికి తొమ్మిది వందల చిల్లర కి.మీ. మాత్రమే ఎక్కువ. అమెరికా టికెట్లలో దూరం చూసి బేరీజు వేయడం దండగ. మధ్య ఊరిలో ఎన్ని గంటలు కూర్చోబెడతారన్నదే చూడాలి.

కొన్ని చోట్ల దూరాన్ని మైళ్లలో ఇస్తారు. మామూలు మైలు 1.609 కి.మీ., విమానాలు, ఓడలు వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ. దుబాయ్ 1,820 అని ఒకచోట, 1,580 అని మరోచోట, 2,930 అని ఇంకోచోట కనిపిస్తే మూడూ ఒకటేనని గుర్తుపట్టండి.

3. గాలిలో సమయం

చెన్నై నుంచి తిరిగే ఎక్కువ విమానాలు ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 కుటుంబాలవి. పైకి చేరాక గంటకు 830 కి.మీ. దరిదాపుల్లో పోతాయి. లెక్కకు 800 చాలు. దూరాన్ని 800తో భాగించి, వచ్చినదానికి 35 నిమిషాలు కలపండి.

ఆ 35 నిమిషాలు ఎందుకంటే, టికెట్ మీద రాసే సమయం చక్రాలు నేలను వదిలినప్పుడు మొదలవదు. విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టినప్పటి నుంచి, అవతలి ఊళ్లో గేటు దగ్గర ఆగేదాకా లెక్క. మధ్యలో రన్‌వే దాకా నడక, ముందున్న విమానాల వెనుక వరుసలో నిలబడటం ఉంటాయి. పదివేల అడుగుల లోపు వేగం తగ్గించి ఎగరాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. చెన్నైలో సముద్రం వైపు లేచిన విమానం పడమరకు పోవాలంటే ముందు మలుపు తిరగాలి.

లెక్క సరిపోతుందో లేదో చూద్దాం. హైదరాబాద్: 507ను 800తో భాగిస్తే 38 నిమిషాలు, కలిపితే గంటా పదమూడు. టైంటేబుళ్లలో ఉండేది గంటా పది, గంటా ఇరవై మధ్యలోనే. ఢిల్లీ: రెండు గంటల 46 నిమిషాలు. దుబాయ్: నాలుగుంబావు. కువైట్: అయిదు గంటల పైచిలుకు. రేణిగుంట నుంచి తిరిగే విమానాల్లో రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ 72 రకం కూడా ఉంటుంది, దాని వేగం గంటకు 500 కి.మీ. మాత్రమే. అయినా రేణిగుంట, హైదరాబాద్ మధ్య 418 కి.మీ.కు తేడా ఇరవై నిమిషాలకు మించదు. చిన్న దూరాల్లో వేగానికి అంత విలువ లేదు.

పోయేటప్పుడు, వచ్చేటప్పుడు సమయం ఒకటే ఉండదు. చలికాలంలో పైన పడమటి గాలులు బలంగా వీస్తాయి. గల్ఫ్ వైపు పోయే విమానం వాటికి ఎదురీదుతుంది, తిరిగివచ్చేది వాటితో పాటు వస్తుంది. అందుకే దుబాయ్‌కి నాలుగుంబావు పడితే తిరుగు ప్రయాణం నాలుగు గంటల్లోనే, ఒక్కోసారి ఇంకా ముందే ముగుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద ఆ ఎత్తుల్లో గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది, అప్పుడు ఈ తేడా తగ్గిపోతుంది. గగనతలం మూసివేతలు కూడా సమయాన్ని పెంచుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయేవి చుట్టు తిరగవలసి వచ్చింది. చెన్నై, దుబాయ్ దారి అరేబియా సముద్రం మీదుగా పోతుంది కాబట్టి మనకు ఆ దెబ్బ పెద్దగా తగలలేదు.

మధ్యలో మారే టికెట్లకు ‘మొత్తం సమయం’ అని చూపేదాంట్లో నిరీక్షణ కూడా కలిసే ఉంటుంది. 23 గంటలు అని ఉంటే అంతసేపూ ఎగరరు.

4. గడియారాల తేడా, తేదీ తిరకాసు

టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనుక, కువైట్ రెండున్నర గంటలు వెనుక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. చెన్నైలో ఉదయం 4 గంటలకు బయలుదేరి దుబాయ్‌లో 6.45కు చేరుతుందని ఉంటే చూడటానికి రెండుముప్పావు గంటలే. దానికి గంటన్నర కలిపితే అసలు సమయం, అంటే నాలుగుంబావు వస్తుంది. తిరుగుదారిలో తీసేయాలి. దుబాయ్‌లో రాత్రి 9.50కి బయలుదేరి చెన్నైలో 3.20కి దిగితే అయిదున్నరలోంచి గంటన్నర తీయగా నాలుగు గంటలు. అమెరికాలో మార్చి నుంచి నవంబరు దాకా గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. డాలస్ అప్పుడు మనకన్నా పదిన్నర గంటలు, మిగతా కాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది.

ఇక తేదీ. మనకు రోజు తెల్లవారుజామున మొదలవుతుంది, టికెట్‌కు అర్ధరాత్రి 12 గంటలకు మొదలవుతుంది. 25వ తేదీ 02.30 అని ఉంటే 24వ తేదీ రాత్రి భోజనం చేసి ఇల్లు వదలాలి. ‘25న ప్రయాణం’ అని బంధువులందరికీ చెప్పి, 25న సాయంత్రం పెట్టె సర్దుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. టికెట్ చేతికి రాగానే దాని మీద పెన్నుతో ‘24 రాత్రి ఇంటి నుంచి’ అని రాసిపెట్టండి. గల్ఫ్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే ఉంటాయి కాబట్టి కావలి, ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాళ్లకు ఈ రాత మరీ అవసరం.

5. నేల మీద లెక్క: వెనక నుంచి ముందుకు

నెల్లూరు, చెన్నై మధ్య 175 కి.మీ. అంటారు. అది చెన్నై ఊరికి. విమానాశ్రయం ఊరికి దక్షిణాన మీనంబాక్కంలో ఉంది, మనం చెన్నైలోకి ఉత్తరం నుంచి వస్తాం. అంటే నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. కారులో అయితే రెడ్‌హిల్స్ దాటాక పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి మధురవాయల్, పోరూరు వైపు పోవడం మేలు, ఊరి మధ్యలోకి దిగకూడదు. నెల్లూరు నుంచి తడ దాకా వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్‌గేట్లున్నా ఫాస్టాగ్‌లో డబ్బుంటే అక్కడ పోయేది నిమిషాలే. గంటలు మింగేది గుమ్మిడిపూండి నుంచి పుళల్ దాకా ఉన్న కంటైనర్ లారీల వరుస.

లెక్కను విమానం సమయం నుంచి వెనక్కి కట్టాలి. దుబాయ్ విమానం ఉదయం 4 గంటలకు అనుకుందాం. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి కనుక ఒంటి గంట. నెల్లూరు నుంచి విమానాశ్రయం దాకా టీకి ఆగడంతో కలిపి మూడున్నర గంటలు, అప్పటికి రాత్రి 9.30. టైరు పంక్చరుకో, పుళల్ రద్దీకో ఒక గంట విడిచిపెట్టండి, 8.30. అదీ నెల్లూరులో ఇంటి గుమ్మం దాటే వేళ. ఒంగోలు వాళ్లు ఇంకో రెండు గంటలు వెనక్కి, అంటే 6.30కు. దేశీయ ప్రయాణానికి రెండు గంటల ముందు చేరితే సరిపోతుంది. పెట్టెలు తీసుకునే కౌంటరు మాత్రం సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఆ తరువాత వచ్చినవారికి విమానం కళ్ల ముందు కనిపిస్తున్నా ప్రయోజనం లేదు.

పగలు, సాయంత్రం విమానాలకు రైలు వాడుకోవడమే నా సలహా. ఉదయం విజయవాడ నుంచి వచ్చే పినాకిని ఒంగోలు, నెల్లూరు మీదుగా మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరుస్తుంది. అక్కడే కింద మెట్రో ఎక్కితే నేరుగా విమానాశ్రయంలో దిగవచ్చు, ముప్పావుగంట లోపు. బస్సులో వస్తే మాధవరంలో దింపుతారు, అక్కడి నుంచి విమానాశ్రయం ఇంకా దూరమే. ఆ ముక్క చాలామంది లెక్కలో వేసుకోరు.

వాన కాలాన్ని వేరుగా చూడాలి. మనకు ముప్పు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు 4న మిగ్‌జాం తుపానుకు చెన్నై విమానాశ్రయాన్నే మూసేశారు. వాయుగుండం వార్త వస్తే విమానం ఉందో లేదో చూసుకుని, ఉంటే ముందురోజే చెన్నై చేరి గది తీసుకోవడం తెలివైన పని. ఇంకొకటి, భోగి ఉదయం. మంటల పొగ, మంచు కలిసి చెన్నైలో రన్‌వే కనబడక విమానాలు ఆలస్యమైన సంవత్సరాలున్నాయి. ఆ రోజు పొద్దున్నే చెన్నైలో దిగి ఇంకో విమానం పట్టుకోవాలని పెట్టుకోకండి.

6. అసలు విమానం అవసరమా?

హైదరాబాద్‌కు గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేద్దాం. నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి మూడున్నర, అక్కడ రెండు, గాలిలో గంటంబావు, దిగి పెట్టె తీసుకుని బయటపడటానికి అరగంట, శంషాబాద్ నుంచి ఊళ్లోకి గంట. ఎనిమిదింబావు గంటలు. తిరుపతి, సికింద్రాబాద్ వందేభారత్ నెల్లూరు నుంచి ఆరున్నర గంటల ప్రాంతంలో చేరుస్తుంది. రాత్రి సింహపురి ఎక్కితే నిద్రలోనే దూరం కరిగిపోతుంది. ఒంగోలుకు ఇంకా దగ్గర. కనుక హైదరాబాద్‌కు, బెంగళూరుకు మన జిల్లాల నుంచి విమానం డాబుకే తప్ప సమయానికి కాదు.

ముంబై దగ్గర తూకం మారుతుంది. ఢిల్లీకి సందేహమే లేదు. రైల్లో రెండువేల కి.మీ., ముప్ఫై గంటలు. విమానంలో పై లెక్క ప్రకారం తొమ్మిదిన్నర, పది గంటలు. మోటుగా చెప్పాలంటే రోడ్డు దూరం 500 కి.మీ. లోపుంటే రైలు లేదా బస్సు, వెయ్యి దాటితే విమానం. మధ్యలో ఉన్నవాటికి పైన చెప్పినట్టు కాగితం మీద కట్టి చూడాలి.

7. తిరిగి వచ్చేటప్పుడు

చెన్నైలో తెల్లవారుజామున 3.20కి దిగితే పాస్‌పోర్టు వరుస, పెట్టె, కస్టమ్స్ అయ్యేసరికి 4.30 అవుతుంది. మెట్రో అయిదింటి ప్రాంతంలో మొదలవుతుంది. సెంట్రల్ చేరి ఉదయం ఏడు దాటాక విజయవాడ వెళ్లే జన శతాబ్ది పట్టుకోవచ్చు, కాకపోతే అది వారంలో అన్ని రోజులూ ఉండదు, ముందే చూసుకోవాలి. ఇంటి నుంచి కారు పిలిపించేవాళ్లు డ్రైవరుకు విమానం దిగే సమయం కాకుండా 4.30 అని చెప్పండి. రాత్రంతా మేలుకుని వచ్చిన డ్రైవరును వెంటనే వెనక్కి తోలమనకుండా విమానాశ్రయం దగ్గరే గంటసేపు కునుకు తీయనివ్వండి. సూళ్లూరుపేట, నాయుడుపేట మధ్య తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంటుంది, డ్రైవర్లకు నిద్ర ముంచుకొచ్చేది అక్కడే.